అంతంత అక్షరాల అంతయ్య

అంతయ్యకు చూపు ఆనదని మా వీధిలో చెప్పుకుంటున్నారు. నమ్మకండి. రోడ్డవతల తన షాపులో కూర్చుని, నా పప్పుచారులో కరివేపాకు పడలేదని అరిచి చెప్పే మనిషికి చూపు లేకపోవడం ఏమిటి! అతనికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఫొటో మీద అక్షరాలు రాయాల్సి వచ్చిందంటే, ఒక్కో అక్షరం ఏనుగంత ఉండాలి. ఫొటోలో మనిషి ఏ మూలకి పోయినా అతనికి పట్టదు.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద నుంచి లోపలికి తిరగ్గానే అతని ఫ్లెక్సీ షాపు, ఎదురుగా నా కర్రీ పాయింటు. అతనిది నల్గొండ పక్క పల్లె, మాది తెనాలి వైపు. నేను కొట్టు పెట్టిన కొత్తలో బోర్డు చేయించుకుందామని గుత్తి వంకాయ ఫొటో ఒకటి తీయించి ఇచ్చాను. నూనె తేలి, నిగనిగలాడుతూ, చూస్తేనే ఆకలేసే ఫొటో. బోర్డు వచ్చింది. "వెంకాయమ్మ కర్రీ పాయింట్" అన్న అక్షరాలు గోడంతా ఆక్రమించాయి. వంకాయ కోసం వెతికితే చివర్లో లవంగం మొగ్గంత కనిపించింది.

"నా వంకాయేది అంతయ్యా?"

"వంకాయ నీ గిన్నెల ఉన్నది గదక్కా! మల్ల బోర్డు మీదెందుకు?"

ఆ బోర్డే తగిలించుకున్నాను.

ఏ ఫ్లెక్సీ అయినా సరే, బయటికి పంపే ముందు దాన్ని షాపు షట్టరుకి వేలాడదీసి నన్ను పిలిచేవాడు. "ఎంకాయమ్మక్కా, జర చదువు!" పొయ్యి మీద తాలింపు మాడిపోతున్నా వదలడు. నేను గరిటె తిప్పుతూనే చదవాలి. ఎక్కడైనా తడబడ్డానో, ఫ్లెక్సీ వెనక్కి పోయేది, అక్షరం ఇంకో జానెడు పెరిగి వచ్చేది.

"నన్నే ఎందుకు చదవమంటావయ్యా? ఇంతమంది చదువుకున్నోళ్లు తిరుగుతుంటే!"

"నువ్వు చదివినవంటే ఇగ అందరు చదివినట్టే అక్కా."

అది పొగడ్తనుకుని ఆ పూట అతనికి కూర ఎక్కువ వేశాను. ఇంటికెళ్లి ఆలోచించాక, మర్నాడు ఒక గరిటె తగ్గించాను. నేను నాలుగో తరగతితో ఆపేశానని అతనికి తెలుసు.

సరూర్‌నగర్‌లో జంగయ్య అని ఒక కుర్ర నాయకుడు ఉన్నాడు. నాయకుడు అని ఇంకా అందరికీ తెలీదు, అది తెలియడానికే పుట్టినరోజు ఫ్లెక్సీ వేయించుకున్నాడు. తెల్లచొక్కా, చేతులు జోడించి, మీసం తిప్పి దిగిన ఫొటో ఇచ్చి వెళ్లాడు. ఫ్లెక్సీని ఈ కొస నుంచి ఆ కొసకి రెండుసార్లు వెతుక్కున్నాడు.

"అన్నా, నా ఫొటో ఏదే?"

"జంగయ్యల ‘జ’ ఉన్నది సూడు, దాని పక్కకే."

"గది ఫొటోనా! చుక్క అనుకున్న!"

"చుక్క గాదు, నువ్వే. జూమ్ చేసుకో."

"ఫ్లెక్సీని ఎట్ల జూమ్ చేస్తరన్నా!"

"దగ్గరికి నడువు. గదే జూము."

పసుపు అక్షరాలంటే అంతయ్యకి పడదు. "ఎండ పడితే ఆవిరైతయి" అంటాడు. తెల్ల అక్షరం, చుట్టూ నల్ల అంచు, అంతే. ఒకావిడ కూతురి పెళ్లి ఫొటో మీద బంగారు రంగులో సన్నగా, తీగలు తీగలుగా పేర్లు రాయమంది. అంతయ్య పేర్ల వెనకాల మూరెడు నల్ల పట్టీ వేశాడు. పెళ్లికొడుకు ఆ పట్టీ వెనక నుంచి, గోడ మీద నుంచి పక్కింటికి తొంగి చూస్తున్నట్టు మిగిలాడు. "పిల్లగాని పేరు జెప్పుమంటె జెప్పిన, మొకం రేపటి సంది మీ పిల్ల రోజు సూస్తది గద" అన్నాడట.

ఇలా హాయిగా సాగిపోతున్న అంతయ్య బతుకు శ్రీరామమూర్తి గారి దగ్గర అడ్డం తిరిగింది.

మూర్తిగారిది మా వైపే. నా కొట్టు పై వాటాలో ఉంటారు. గవర్నమెంటు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఇంట్లో చిన్న ఫంక్షన్ పెట్టుకుని, "పదవీ విరమణ శుభాకాంక్షలు" అని ఫ్లెక్సీ చెప్పారు. సూటు వేసుకుని స్టూడియోలో దిగిన ఫొటో ఇచ్చారు. అంతయ్య అక్షరాలు నింపేశాక ఫొటోకి చోటు మిగల్లేదు. చాలాసేపు వెతికి, "శుభాకాంక్షలు"లో ఉన్న సున్నాలో మూర్తిగారి ముఖాన్ని కూర్చోబెట్టాడు.

చుట్టాలందరూ చూస్తుండగా ఆయన భార్య ఇందిరాదేవి పకపకా నవ్వేసింది. "ఇన్నేళ్ల సర్వీసులో మీరు సంపాదించింది కరెక్టుగా వేశాడండీ అంతయ్య!"

హాలంతా నవ్వులే. మూర్తిగారు మాత్రం నవ్వలేదు.

"నన్ను సున్నా అంటావా?"

"నేననలేదు. అందులో కూర్చున్నది మీరే."

"సారు మొకం గుండ్రంగున్నది, సరిగ్గ సరిపోయింది" అని అంతయ్య సర్ది చెప్పబోయాడు. దాంతో ఇంకా చెడింది.

మర్నాడు పొద్దున మూర్తిగారు చేతి సంచి తీసుకుని ఎటో వెళ్లిపోయారు. ఫోను, కళ్లజోడు, బీపీ మాత్రలు అన్నీ టేబుల్ మీదే ఉన్నాయి. విజయవాడలో ఉన్న ఆయన తమ్ముడికి ఫోన్ చేస్తే ఇక్కడికి రాలేదన్నాడు. మూడో రోజుకి నేను పంపిన కూర గిన్నె మూత తీయకుండానే తిరిగొచ్చింది. వీధిలో వాళ్లకేం, వాళ్లకి మాటలు దొరికాయి. "మనిషిని ఫొటోలో మాయం చేసేవాడు, ఇప్పుడు వీధిలోంచే మాయం చేశాడు" అన్నారు.

ఇందిరాదేవిని నేనే అంతయ్య షాపుకి తీసుకెళ్లాను. సూటు ఫొటో ఇచ్చి, "‘కనబడుటలేదు’ అని వేయండి అంతయ్య గారూ. ఈసారైనా ముఖం పెద్దగా పెట్టండి" అంది.

అంతయ్య ఫొటో చూసి పక్కన పెట్టాడు. "ఫొటో ఒద్దమ్మా."

నాకు ఒళ్లు మండింది. "ఇప్పుడు కూడా నీ అక్షరాల పిచ్చేనా? ముఖం లేకపోతే జనం ఎలా గుర్తుపడతారయ్యా?"

"జనమెందుకు గుర్తువట్టాలె అక్కా? గింత పెద్ద సారు. మొకమేసి కనబడుటలేదు అని చౌరస్తాల పెడితే, రేపు ఇంటికొచ్చినంక గీ వీధిల ఎట్ల తిరుగుతడు? పాలపాకెట్‌కు పోయినా ‘దొరికిండా’ అని నవ్వుతరు. ఇప్పటికే ఒకసారి నవ్వించిన, సాలు. మనం రాసేది జనానికి గాదు, సారుకు. కళ్లజోడు గూడ లేదాయె. ఆయన చదవాలె, గంతే." ఇందిరాదేవి వైపు తిరిగాడు. "అమ్మా, ఏం మాటంటె సారు ఇంటికొస్తడు?"

ఆమె ఫొటో తీసి సంచిలో పెట్టుకుంది. "ఆయన పెళ్లయినప్పటి నుంచీ నా నోటి వెంట ఒక మాట వినాలని చూస్తున్నారు. నేను అనలేదు."

"ఏంది?"

"‘మీరే కరెక్టు’ అని."

అంతయ్య కంప్యూటరు ముందుకు జరిగాడు.

"రాయడం వరకే!" అంది ఇందిరాదేవి గట్టిగా. "నోటితో అనను."

మూర్తిగారు పోతే గీతే తమ్ముడి దగ్గరికే, విజయవాడ బస్సెక్కాలంటే ఎప్పటికైనా ఎల్‌బీ నగర్ రావాల్సిందే కదా. అక్కడ బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఉన్న కిళ్లీ కొట్టాయన్ని బతిమాలి, అతని మిద్దె గోడ మీద అంతయ్యే ఎక్కి ఫ్లెక్సీ కట్టాడు. పేరు లేదు, ఫోన్ నంబరు లేదు. "మీరే కరెక్టు. ఇంటికి రండి." అంతే. ఒక్కో అక్షరం ఆటో అంత.

ఆ రోజు ఎల్‌బీ నగర్‌లో మొగుళ్లందరూ ఛాతీ విరుచుకుని నడిచారు. ఎవరికి వాళ్లు అది తమకే అనుకున్నారు. మధ్యాహ్నానికి ఆడవాళ్లు అంతయ్య షాపు మీదికి వచ్చారు. ఎవరు రాశారని వాళ్లు ఎవరినీ అడగలేదు, అక్షరాల సైజు చూసి నేరుగా వచ్చేశారు. "మా ఆయన సోఫాల కాలు మీద కాలేసుకుని చాయ్ దెమ్మంటుండు. ఎందుకే అంటే బోర్డు సూడుపో అంటుండు! నీకు మేమేం అన్యాయం చేసినమన్నా?" అని ఒకావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది.

సాయంత్రం నేను పకోడీలు వేస్తుంటే మూర్తిగారు సంచితో నడుచుకుంటూ వచ్చి నేరుగా అంతయ్య ముందు నిలబడ్డారు. గడ్డం మాసిపోయింది. ఇన్నాళ్లూ ఊరి బయట అబ్దుల్లాపూర్‌మెట్‌లో పాత స్నేహితుడి ఇంట్లో ఉన్నారట. రోజూ బస్సెక్కుదామని ఎల్‌బీ నగర్ రావడం, ఎక్కడానికి మనసు రాక వెనక్కి పోవడం.

"బస్సు మీద ఊరి పేరు కూడా కనపడక కండక్టర్లని అడుగుతున్నానయ్యా. నీ బోర్డు మాత్రం రోడ్డవతల నుంచి చదివాను. ఇంత పెద్దగా రాసేవాడు నువ్వొక్కడివే. అయితే నాకేనన్నమాట." గొంతు తగ్గించారు. "ఇందిరే చెప్పిందా? నువ్వు కల్పించావా?"

"అమ్మనే జెప్పింది సారూ. నేను ఒక్క ఒత్తు గూడ కలపలే."

మూర్తిగారు చేతిగుడ్డతో కళ్లు తుడుచుకున్నారు. పకోడీల పొగ అన్నారు. పొగ అటువైపు పోవడం లేదు.

మెట్లెక్కుతున్న చప్పుడు విని ఇందిరాదేవి తలుపు తీసింది. కింద నాకు అన్నీ వినిపించాయి, నేను చెవి పెట్టి వినలేదు, అవే వినిపించాయి.

"ఏదీ, ఒక్కసారి నోటితో అను."

"చదువుకున్నారుగా! ముందు మాత్ర వేసుకోండి."

ఆ ఫ్లెక్సీని హాల్లో తగిలిస్తానని మూర్తిగారు విప్పించి తెచ్చుకున్నారు. ఇందిరాదేవి దాన్ని వాషింగ్ మెషీన్ మీద కప్పింది, అక్షరాలు లోపలికి తిప్పి. ఆయన వారానికోసారి ఇవతలికి తిప్పుతారు, ఆవిడ మళ్లీ అవతలికి తిప్పుతుంది. ఇద్దరూ సుఖంగా ఉన్నారు.

నేను మా చెల్లెలి మనవడి అన్నప్రాసనకి తెనాలి వెళ్తున్నాను, కొన్నాళ్లు కొట్టు మూసి ఉంటుంది. అంతయ్య ఒంటరివాడు, పనిలో పడ్డాడంటే తిండి గుర్తుండదు. మీరు దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్తే ఒక్కసారి అతన్ని చూసి వెళ్లండి. అన్నం తిన్నావా అని అడగండి. "తిన్న" అంటాడు. నమ్మకండి. వేళ్లు చూడండి. ఫ్లెక్సీ అంచులు అంటించిన గమ్ము వేళ్ల మీద ఎండిపోయి ఉంటే తిననట్టే. దగ్గరుండి చెయ్యి కడిగించి, పక్క హోటల్లో రెండు ముద్దలు తినిపించండి. కరివేపాకు తక్కువైందంటాడు, పట్టించుకోకండి.