పడవవాడి మాట, ఆర్లెన్ మాట

నా భర్త ఆర్లెన్ ఫోగ్ట్ ముప్ఫై ఒక్క సంవత్సరాలు బఠాణీలను డబ్బాలకెత్తే ఫ్యాక్టరీలో పనిచేశాడు. అక్కడ ఎవరినడిగినా అతను మాట్లాడగా విన్నది తక్కువేనంటారు. వాళ్లెవరూ అతన్ని ఆదివారం మధ్యాహ్నం మా ఇంటి కింది గదిలో చూడలేదు. బట్టలుతికే మిషను పక్కన ఒక బల్ల, దాని ముందు నలుగురు, బల్లకి అవతల తన కాగితాలు కనబడకుండా అట్ట అడ్డం పెట్టుకుని ఆర్లెన్. ఆ అట్ట వెనక కూర్చుంటే అతను పదిమంది మనుషులు. ఒకసారి గొణిగే ముసలివాడు, ఒకసారి ఏడ్చే విధవరాలు. నేను ఉతికిన బట్టలు తీసుకోవడానికి దిగి, మెట్ల మీదే ఆగిపోయేదాన్ని.

అదొక కథల ఆట: నడిపేవాడు కథ చెబుతూ అందులోని మనుషులందరి గొంతులూ తనే పలుకుతాడు, ఆడేవాళ్లు ఆ కథలో తలా ఒక పాత్ర అవుతారు. ఈ ఆట ఇంకొన్ని ఇళ్లలోనూ ఆడేవారు. వాళ్లంతా పాచికలు వేసి రాక్షసుల్ని నరుక్కునేవాళ్లు. ఆర్లెన్ ఆటలో మాత్రం ఒక హత్య జరుగుతుంది. మంత్రాలూ మరుగుజ్జులూ ఉండే ఊరే, కానీ అక్కడ కత్తి దూసినవాడికి ఏమీ దొరకదు. మనుషుల్ని కదిపి, మాటలు పెట్టి నిజం రాబట్టుకోవాలి. ఒక్కో కథ ఏడాదికి తక్కువ నడిచేది కాదు.

నాకా ఆట ఇష్టం ఉండేది కాదు. అది దెయ్యాల పని అని చర్చిలో ఆడవాళ్లు అనుకునేవారు. ఒక క్రిస్మస్‌కి నేను తీసుకెళ్లిన కేకుని ఒక్కరూ ముట్టుకోలేదు. ఎలా తీసుకెళ్లానో అలాగే ఇంటికి మోసుకొచ్చి ఆర్లెన్ ముందు పడేశాను.

"చూడు, నీ దెయ్యాలు తింటాయేమో పెట్టు."

"దెయ్యాలు లేవు వెర్నా," అన్నాడు, ఒక ముక్క కోసుకుంటూ. "ఒక పడవవాడు ఉన్నాడు. పచ్చి అబద్ధాలకోరు. అంతకంటే ఎవరూ లేరు."

నేను చదివింది ఎనిమిదో తరగతి. అయినా గురువారం సాయంత్రాలు నేను బంగాళాదుంపల చెక్కు తీస్తుంటే ఆర్లెన్ నా ఎదురుగా కూర్చుని పాత్రల గొంతులు సాధన చేసేవాడు. "నన్నడుగు," అనేవాడు. "ఏమడగను?" "ఆ రాత్రి ఎక్కడున్నావని అడుగు." నేను అడిగేదాన్ని. ముక్కుతో మాట్లాడుతూ పడవవాడు జవాబు చెప్పేవాడు. నాకు కోపం వచ్చేది. ఆ పడవవాడంటే నిజంగానే ఒళ్లు మండేది.

ఆర్లెన్‌కి ఒక నియమం ఉండేది. కొత్త కథ మొదలైన ప్రతిసారీ బల్ల దగ్గర చెప్పేవాడు. "నా గొంతుతో నేను చెప్పింది నిజం. వాన పడుతోందంటే పడుతున్నట్టే. పాత్ర గొంతుతో చెప్పింది ఆ పాత్ర పూచీ. అది నిజమో కాదో మీరు తేల్చుకోవాలి."

చివరి కథలో ఉప్పు వర్తకుడొకడు తాళం వేసిన గదిలో చచ్చి పడి ఉంటాడు. నది అవతల ఒక ఊరు, ఇవతల ఒక ఊరు, మధ్యలో ఆ ఒక్క పడవ. పది నెలలు ఆడాక, జనవరిలో ఒక ఆదివారం, ఆటగాళ్లు నలుగురూ కలిసి తాళాలు చేసే మరుగుజ్జు ముసలమ్మే చంపిందని తేల్చి ఉరి తీయించారు. తేల్చింది డ్వేన్ కోల్‌బెక్. ఆర్లెన్‌తో చిన్నప్పటి నుంచి జింకల వేటకి వెళ్లినవాడు. నోరు పెద్దది. మిగతా ముగ్గురూ అతని మాట దాటరు.

ఉరి అయిపోయాక ఆర్లెన్ తన గొంతుతో మెల్లగా అన్నాడు. "ఆమె చెయ్యలేదు."

నేను మెట్ల మీదే ఉన్నాను. డ్వేన్ బల్ల మీద గుద్దితే పాచికలు నేల మీదికి దొర్లాయి.

"ఆ రాత్రి ఎవరూ నది దాటలేదన్నావు! నువ్వే అన్నావు! ఈ ఒడ్డున ఆ తాళం తియ్యగలిగింది ఆ ముసల్ది ఒక్కతే! ఇప్పుడు కాదంటావా?"

ఆర్లెన్ వంగి పాచికలు ఏరుకున్నాడు. ఆట నడిపేవాడు విప్పి చెప్పకూడదు, వాళ్లే వెనక్కి వెళ్లి వెతుక్కోవాలి. అది అతని పట్టుదల.

"నీ దగ్గర జవాబే లేదు," అన్నాడు డ్వేన్ కోటు తొడుక్కుంటూ. "మేం ఎవర్ని పట్టుకుంటే వాళ్లు కాదంటావు. ఇది మోసం, ఆర్లెన్."

పందొమ్మిది రోజుల తర్వాత వాకిట్లో మంచు తోస్తూ ఆర్లెన్ పడిపోయాడు. పార ఇంకా చేతిలోనే ఉంది. ఆ పందొమ్మిది రోజులూ డ్వేన్ ఫోన్ చెయ్యలేదు. శవపేటికని మాత్రం మోశాడు, అందరికంటే ముందు నిలబడి. తర్వాత రెండు వారాలకే పాచికలమ్మే కొట్లో పదిమంది ముందు అన్నాడట, ఆర్లెన్ ఏళ్ల తరబడి మమ్మల్ని మోసం చేశాడు, హంతకుడెవరో అతనికే తెలియదు, అని. ఆ మాట నాకు మార్లిస్ చెప్పింది. ఆ నలుగురిలో ఒకతె, బడి లైబ్రరీలో పని చేస్తుంది.

ఫ్యాక్టరీ అతనికి ఒక గోడ గడియారం ఇచ్చింది. ఊరు ఏమీ ఇవ్వలేదు. ఆర్లెన్ న్యాయంగా ఆడిస్తాడన్న ఒక్క పేరే అతను సంపాదించుకున్నది. అతను పోయిన ఏడుపు నాకు అప్పటికే ఉంది. ఇది ఆ పుండు మీద ఉప్పు.

మార్చిలో డ్వేన్ వచ్చాడు. గుమ్మంలో బూట్లు కూడా విప్పలేదు.

"ఆర్లెన్ కాగితాల పెట్టె ఇచ్చెయ్, వెర్నా. ఇక నుంచి ఆట నేను నడుపుతాను."

"మోసగాడి కాగితాలు నీకెందుకు?"

అతని మెడ ఎర్రబడింది. "ఆ మాట మార్లిస్ మోసుకొచ్చిందా? సరే, అన్నాను. పెట్టె తెరువు. హంతకుడి పేరుంటే చూపించు."

"ఉంది. నేను చదివాను. నీకు చూపించను."

"నువ్వా?" నవ్వాడు. "నువ్వు నిమ్మకాయ బిస్కట్లు కాల్చి కిందికి పంపేదానివి. ఈ ఆట గురించి నీకేం తెలుసు?"

"ఆదివారం రెండింటికి నీ నోటుబుక్కు తీసుకుని రా. నలుగురూ రండి. నాకేం తెలుసో అప్పుడు చూద్దువుగాని."

వచ్చారు. నేను బిస్కట్లు పెట్టలేదు, కాఫీ కూడా కాచలేదు. అట్ట వెనక కూర్చోలేదు, బల్ల చివర నిలబడ్డాను. నది గురించి రాసుకున్న పేజీ తియ్యమన్నాను. డ్వేన్ తన పుస్తకం నా ముందుకి విసిరాడు. పెద్ద పెద్ద అక్షరాలు, కింద రెండు గీతలు. 'ఎవరూ నది దాటలేదు.'

"ఇది ఎవరి మాట?"

"ఆర్లెన్ మాట. ఇంకెవరిది?"

"మార్లిస్, నీ పుస్తకం తియ్యి."

మార్లిస్ ఒళ్లో పెట్టుకున్న సంచీని విప్పడానికే భయపడింది. డ్వేన్ వైపు చూసింది. "తియ్యమ్మా, అతను నిన్ను కొరకడు," అన్నాను. ఆమె ప్రతి మాటా ఎవరు అన్నారో పేరుతో సహా నాటకంలాగా రాసుకుంటుందని నాకు తెలుసు. ఆర్లెన్ మెచ్చుకునేవాడు. పేజీ వెతికి, గొంతు సవరించుకుని చదివింది.

"పడవవాడు, ముక్కుతో: ఆ రాత్రి ఎవరూ దాటలేదు దొరా, నా పడవ మీద ఒట్టు."

డ్వేన్ తన పేజీలోని రెండు గీతల వైపు చూశాడు.

"తర్వాతి వాక్యం కూడా చదువు," అన్నాను.

"ఆర్లెన్, మామూలుగా: పడవ లోపల తడి మట్టి ఉంది. బూటు జాడ ఒకటి."

డ్వేన్ రెండు పుస్తకాలూ దగ్గరికి లాక్కున్నాడు. ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. మట్టి సంగతి అతని పుస్తకంలో లేనే లేదు.

"నాకు ఆ రోజే చెప్పొచ్చుగా," అన్నాడు చివరికి. "'డ్వేన్, అది పడవవాడి మాట' అని ఒక్క ముక్క అంటే ఆ ముసల్ది బతికేది."

"నువ్వు అడిగావా? బల్ల గుద్దావు. పందొమ్మిది రోజులు టైమిచ్చాడు నీకు."

"వెర్నా, చాల్లే," అంది మార్లిస్.

"చాల్లేదు. కొట్లో అన్నవాడు కొట్లోనే దిద్దుకోవాలి. శనివారం పొద్దున నేనూ వస్తాను, నా చెవులతో వింటాను."

వెళ్లాను. ఆ కొట్లోకి నేను అడుగు పెట్టడం అదే మొదలు. డ్వేన్ రంగు వేసిన బొమ్మల అలమరాకి వీపు ఆనించి నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు. "ఆర్లెన్ సరిగ్గానే నడిపాడు. నేను తప్పు రాసుకున్నాను." తర్వాత ఊరుకోలేక, "అయినా పది నెలలు సాగదీశాడు, వెధవ కథ," అన్నాడు.

"ఆ వెధవ కథలో హంతకుణ్ణి నువ్వింకా పట్టుకోలేదు," అన్నాను.

నా వెనకే తలుపు దాకా వచ్చాడు. గొంతు తగ్గించాడు. "ఆ రాత్రి నది దాటిందెవరు? నాకొక్కడికీ చెప్పు."

"చెప్పను."

ఇప్పుడు ఆదివారాలు మార్లిస్, మిగతా ఇద్దరూ వస్తున్నారు. మిగిలిన కథని ఆర్లెన్ కాగితాలు చూసి నేను నెమ్మదిగా చదువుతాను. పడవవాడి గొంతు నాకు బాగానే వస్తుందంటున్నారు. డ్వేన్ కుర్చీని మడిచి గోడకి చేర్చాను. రానిమ్మని మార్లిస్ రెండుసార్లు అడిగింది. శవపేటిక మోసిన రెండు వారాలకే అతను కొట్లో ఆ మాట అన్నాడని, నేను ఇంకా మర్చిపోలేదని చెప్పాను. హంతకుణ్ణి వాళ్లు ముగ్గురూ పట్టుకుంటారు, దగ్గరికొచ్చేశారు. డ్వేన్‌కి చెప్పొద్దని వాళ్ల చేత ఒట్టు వేయించుకున్నాను.