నిదానించిన చెయ్యి

సంజీవ 1932లో మూకీ చిత్రాలకు ఛాయాగ్రాహకుడు. ఆయన కెమెరాకు మోటారు లేదు. సెకనుకు రెండు చుట్ల చొప్పున పిడిని చేత్తో తిప్పాలి. చెయ్యి నిదానిస్తే బొమ్మలు తక్కువ పడి, తెరమీద మనుషులు ఉరుకుతారు.

ఆ ఏడు ఇబ్రహీంపట్నం చెరువు కట్టమీద తీసిన కథలో ఒక వితంతువు తన పొలంలోని జీతగాణ్ణి ప్రేమిస్తుంది. సంజీవ అక్క సుశీల కూడా వితంతువే. మళ్లీ పెళ్లి చేసుకోవాలని ఆమె కోరిక. ఈ చిత్రం చూస్తే తండ్రి మనసు మెత్తబడుతుందని తమ్ముడి ఆశ. నాయిక మెల్లగా నడిచివచ్చి ప్రియుడి చెయ్యి పట్టుకునే దృశ్యంలో అక్క గుర్తుకొచ్చి, తెలియకుండానే ఆయన చెయ్యి నిదానించింది.

ఫిల్ము బొంబాయిలో కడిగించారు. ఆయన మొదటిసారి చూసింది ఊళ్లో వేసిన సినిమా డేరాలోనే, అక్కా తండ్రీ పక్కన ఉండగా. తెరమీద నాయిక గబగబా ఉరికింది.

“కోడిపెట్ట లెక్క ఉరుకుతున్నది సూడు, మామా,” అన్నాడెవరో. డేరా అంతా నవ్వింది. సుశీల లేచి వెళ్లిపోయింది.

“గది నా చేతి తప్పు, బాపు. ఆమె మెల్లగనే నడిచింది,” అన్నాడు సంజీవ.

“నవ్వెటోళ్లకు చెప్పుకో పో. పెండ్లి మాట ఇంక ఎత్తకు,” అన్నాడు తండ్రి.

కథ ఇంకా సగం మిగిలి ఉంది, జనం నవ్వుతూనే ఉన్నారు.