చుర్‌పోన్ పొలానికి నీళ్లు

అడగందే అమ్మైనా పెట్టదంటారు. కానీ చుర్‌పోన్ అడగకూడదు. ఊరి నీళ్లను వంతులవారీగా పంచే మనిషి తన పొలం మాట తాను ఎత్తకూడదని, అందరి మళ్లూ తడిశాకే తన మడి తడవాలని లడఖ్‌లోని ఆ ఊళ్లో తాతలనాటి కట్టడి. ఆ ఏడు చుర్‌పోన్ పని కున్‌జెస్ ఇంటికి వచ్చింది. భర్త కాలు విరిగి మంచాన ఉన్నాడు గనక పార ఆమే భుజాన వేసుకుంది.

వచ్చిందీ గడ్డు ఏడే. ఆమె కాపురానికొచ్చిన కొత్తలో పైనున్న హిమానీనదం నాలుక చాపినట్టు గడ్డి బీళ్ల దాకా ఉండేది. విత్తనం వేసేసరికి కాలువ నిండేది. ఇప్పుడది కుంచించుకుపోయి కొండ వెనక్కి తప్పుకుంది. ఎండ ముదిరితే తప్ప నీరు దిగదు, బార్లీ మొలక అంతదాకా ఆగదు. ఆ కాసిని నీళ్లకూ రెండు నోళ్లు. ఒకటి పొలాల కాలువ, రెండోది ముతుప్ నడిపే చిన్న పవర్‌హౌస్. పవర్‌హౌస్ గొట్టంలోకి పోయిన నీళ్లు నేరుగా లోయలోని నదిలో పడతాయి, పొలానికి చుక్క రాదు. అందుకే పగలు పొలాలకు, పొద్దువాలాక కరెంటుకు అని ఊరంతా కూర్చుని ఒప్పుకున్నారు.

వంతులకు కొలత కొండ నీడ. ఎవరి గుర్తు రాయిని నీడ తాకితే వాళ్ల వంతు అయిపోయినట్టే. ఈ లెక్కలో కున్‌జెస్ కన్నతల్లినైనా ఉపేక్షించదు. పక్క పొలం తార్చిన్‌కి ఆ సంగతి బాగా తెలుసు.

"రవ్వంత సేపు ఆగితే నీ సొమ్మేం పోయింది? నిన్ను చెల్లెలా అని పిలవడానికి కూడా నోరు రావట్లేదు!"

"పిలవకు అన్నా. ముందు మడికి అడ్డం వెయ్."

తార్చిన్ తరవాత మిగిలింది ఆమె పొలమే. ఆయన రెండో తడి వంతు వచ్చిన రోజున తెల్లారినప్పటినుంచీ మబ్బు. నీడ లేదు. మబ్బు రోజు మంచూ సరిగా కరగదు, కాలువ సన్నగా పారుతోంది. ఆయన వంతు ఎప్పుడు ముగిసిందో చెప్పగల మొనగాడు ఊళ్లో లేడు. కింద కున్‌జెస్ మడిలో మొలకల కొసలు పసుపెక్కాయి. ఇవాళ తడవకపోతే ఏడాదికి సరిపడా పిండి లేనట్టే. ఆమె పార పట్టుకుని, నోరు కట్టుకుని గట్టున నిలబడింది.

తార్చిన్ ఆమె మొహం చూశాడు, కింద మడి చూశాడు. పచ్చిక గడ్డ ఒకటి పెళ్లగించి తన మడికి తానే అడ్డం వేశాడు.

"ఇంకా మధ్యాహ్నమే కదన్నా," అంది కున్‌జెస్.

"సూర్యుడు లేకపోతే నాకు సిగ్గు కూడా లేదనుకున్నావా? నా పొలం తాగింది."

ఆ సన్నటి పారకం సాయంత్రానికి ఆమె మడిలో సగం కూడా తడపలేదు. తార్చిన్ తిన్నగా పవర్‌హౌస్‌కి పోయాడు.

"ముతుప్, ఈ పూటకి మిషను ఆపు."

"ఆపితే ఊరు నన్ను తంతుందన్నా! టీవీలో మ్యాచుంది."

"తన్నేవాళ్లని నా దగ్గరికి పంపు. చుర్‌పోన్ పొలమే ఎండితే వచ్చే ఏడు పార ఎవడు పడతాడ్రా?"

ముతుప్ తల గోక్కుని గొట్టం తలుపు దించాడు. పొద్దువాలగానే ఆగిపోయిన కాలువ మసక వెలుతురులో మళ్లీ ఉబ్బి వచ్చి కున్‌జెస్ కాళ్లను తాకింది. ఏమైందో ఆమెకు అర్థం కాలేదు. తలెత్తి చూస్తే ఊళ్లో ఒక్క ఇంట్లోనూ దీపం లేదు. ఎవరూ అరవలేదు, ఎవరూ గొట్టం దగ్గరికి పరిగెత్తలేదు. ఆమె పారతో నీళ్లు మళ్లిస్తూనే ఏడ్చింది.

చివరి మూల తడిశాక ఇంటికి పోతుంటే తార్చిన్ గుమ్మంలోంచి కేకేశాడు. "ఎవరది? కనపడి చస్తేగా!"

"నేనే అన్నా."

"రా, థుక్పా ఉంది. తాగి పో."

"అన్నా, నీ మేలు..."

"మేలు తరవాత. ముందు గిన్నె ఎక్కడుందో తడుముకో."

ఆమె తడుముకుని గిన్నె అందుకుంది. వేడి వేడి థుక్పా, ఆకలి నకనకలాడుతోంది. అయినా తన గుప్పెడు మొలకల కోసం ఊరంతా ఇలాగే చీకట్లో కూర్చుని తింటోందని తలుచుకుని, గిన్నెను రెండు చేతులా ఒడిలోనే పట్టుకుంది.