తలుపవతల సింఫనీ

నాకు అక్షరాలు యాభై ఏళ్లు దాటాక వచ్చాయి. అంతకు ముందు ఎవరిచేతనో రాయించిన ఉత్తరాల్లో క్షేమమనే మాటకే చోటుండేది. ఒక సంగీతం అయ్యేదాకా గది బయట నిలబడ్డ సంగతి ఎవరికి చెప్పి రాయించను?

మస్కట్‌లో ఒక ఇంగ్లీషాయన ఇంట్లో పనిచేసేదాన్ని. మేడమ్ పోయాక, సార్ సెలవు రోజుల్లో తలుపు వేసుకుని ఆవిడకిష్టమైన సింఫనీ పెట్టుకునేవారు. అది వాళ్ల దేశస్థుడు కట్టిందని, వందమంది కలిసి వాయిస్తారని మేడమే ఒకసారి చెప్పింది. పాట ఉండదు. దాదాపు గంట సాగుతుంది. మునుపు నల్ల రికార్డు తిప్పడానికి సార్ మధ్యలో లేచేవారు. సీడీ వచ్చాక ఆ సందు కూడా పోయింది.

అప్పట్లో సార్‌కి గురు, శుక్రవారాలు సెలవు. ఆ గురువారం అన్నయ్య ఫోన్ చేశాడు. అమ్మకు పక్షవాతం వచ్చింది, మాట పడిపోయింది, వెంటనే రమ్మన్నాడు. నా పాస్‌పోర్టు సార్ కంపెనీ ఆఫీసులో ఉంది. సార్ చెబితేనే ఇస్తారు. గురువారం ఆఫీసు ఒంటిపూటే, మధ్యాహ్నం మూసేస్తే మళ్లీ శనివారమే. లోపల అప్పుడే డ్రమ్ములు సన్నగా మొదలయ్యాయి.

డ్రైవర్ నిజామాబాద్ అబ్బాయి. "తలుపు కొట్టక్కా! గా బాజాలు గిప్పట్ల అయితయా?" అన్నాడు.

"ఊరుకో తమ్ముడూ. పోయినేడు వంటాయన ఇలాగే కొట్టాడు. వారం తిరక్కుండా ఇంటికి పంపేశారు."

"పంపితే మంచిదే గద! నీకు గావాల్సింది గదే!"

తిరిగి రానివ్వకపోతే పిల్లలేం తింటారు? నవ్వలేకపోయాను.

మొదట పెద్దలు ఊరేగింపులో నడిచినట్టు నెమ్మదైన రాగం. అది చెదిరి గాలివాన. ఆపైన పరుగులు. ఆ పరుగే అలిసిపోయి, ఎక్కడా ఆగకుండానే, వయొలిన్లన్నీ ఒక్క ఊపిరితో పసిబిడ్డను జోకొడుతున్నట్టు సాగాయి. మామూలప్పుడు అక్కడ పని ఆపి వినేదాన్ని. ఆ రోజు అది ఎంతకీ తెమలలేదు. చివర్లో ఆ మొదటి రాగం నిండుగా వచ్చిందంటే అయిపోయినట్టే. వచ్చినట్టే వచ్చి పక్కకు తప్పుకుంది. మళ్లీ తప్పుకుంది. చివరికి బాకాలన్నీ దాన్ని ఎత్తుకున్నాయి. ఇల్లంతా అదిరింది.

సార్ కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చారు. నేను చెప్పింది విని, వెంటనే ఆఫీసుకు ఫోన్ చేశారు. అటు మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు.

"తలుపెందుకు కొట్టలేదు?" అన్నారు.



మర్నాడు పొద్దున్నే సార్ రాసిచ్చిన చీటీతో, డ్రైవర్‌ని వెంటబెట్టుకుని, ఆఫీసు తాళాలుండే గుమాస్తా ఇంటికి వెళ్లాను. శుక్రవారం కదా, ఇంకా ఎవరూ లేవలేదు. తలుపు తీసేదాకా కొడుతూనే ఉన్నాను.