రుజువుల పాక

మా ఊరి మామిడి పడవ కాకినాడకు నిండుగా వెళ్లి నిండుగానే తిరిగొచ్చిన సంగతి కాలవ వెంట ఊళ్లన్నిటికీ తెలుసు. ఎందుకు తిరిగొచ్చిందో మాత్రం పొరుగూళ్లలో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. తూర్పుగాలి పురుగును తెచ్చిందని కొందరు. చేపలమ్మే నూకాలు గంపలో వచ్చిందని కొందరు. ఆ రెండో మాట విన్నప్పుడల్లా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. నాకు యాభై దాటింది, ఇక దాపరికం దేనికి? ఆ ఘనకార్యం నాది. పురుగు నుంచి ఊరిని కాపాడమని నన్ను కాపలా పెడితే, ఆ పురుగుకే గడ్డి పరుపు వేసి నెలరోజులు సాకిన మహానుభావుణ్ణి నేనే.

పండు ఈగను మీరు చూసే ఉంటారు. వడ్లగింజంత ప్రాణి. పేరంటానికొచ్చిన ముత్తయిదువలా ఎంతో ఒద్దికగా కాయ మీద వాలి, సూదితో పొడిచినట్టు పొడిచి లోపల గుడ్లు పెట్టిపోతుంది. పైకి కాయ బంగారంలా ఉంటుంది, కోస్తే తెల్లపురుగులు. కాయ రాలాక పురుగు మట్టిలోకి దూరి, కొన్నాళ్లకు ఈగై లేస్తుంది. ఇదంతా మా మేనమామ వీర్రాజు గారు ఏళ్లతరబడి చెట్ల కింద గొంతుక్కూర్చుని కనిపెట్టిన సంగతి. ఆయన మాట మీద మా ఊరి తోటల రైతులంతా కట్టుబాట్లు పెట్టుకున్నారు. రాలిన కాయను ఆ పూటే ఏరి సున్నపునీళ్ల గోతిలో ముంచాలి. పొరుగూరి కాయ రేవు దాటి లోపలికి రాకూడదు. తప్పినవాడి సరుకు పడవ ఎక్కదు. అక్కడ కాకినాడ షావుకారు గంపకో కాయ కోసి చూసేవాడు మరి!

ఈ కట్టుబాట్లు నడిపించడానికి ఇరవై రెండేళ్ల నన్ను నియమించారు. ఎర్ర తలపాగా చుట్టాను. చేతికర్రకు నూనె పట్టించాను. అద్దంలో చూసుకుంటే నాకే భయం వేసింది.

నూకాలు సముద్రపొడ్డు నుంచి ఎండుచేపలు తెచ్చి కాలవ ఊళ్లన్నీ తిరిగి అమ్ముకునేది. ఓ రోజు రేవులో దిగగానే కర్ర అడ్డం పెట్టాను.

"ఆ చేపల కింద మూట ఏంటి?"

"మా మనవరాలికి రెండు కాయలండి. పెద్దాపురంలో ఇచ్చారు. గట్టిగా ముడేసి ఉన్నాయి, మీ ఊళ్లో విప్పితే ఒట్టు."

"విప్పినా విప్పకపోయినా పొరుగూరి కాయే. ఇలా పెట్టు."

"అమ్మో! రేపు దొరగారు దిగినా మీకు దణ్ణం పెట్టి దాటాలేంటండీ?"

"పెడతాడు," అన్నాను. ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు, నిజమే అనుకున్నాను.

ఇక్కడే నా బుద్ధి వెలిగింది. పట్టుకున్న కాయల్ని అప్పటికప్పుడు ముంచేస్తే నా కష్టం ఎవరికి తెలుస్తుంది? అందుకని నా తోటలో మట్టినేల పాకలో గడ్డి పరిచి వాటిని వరసగా పేర్చాను. ఎవరి దగ్గర పట్టుకున్నానో తాటాకు ముక్క మీద గీసి ప్రతి కాయ పక్కనా గుచ్చాను. నూకాలు మూటను ముడి విప్పకుండా దూలానికి వేలాడదీశాను. ఊరి చెరసాలకు అధికారినని నా లెక్క.

"పట్టుకున్నవన్నీ ముంచావా, అబ్బాయ్?" అని మావయ్య అడిగారు.

"అంతా పద్ధతిగా ఉంది, మావయ్యా," అన్నాను. అబద్ధం కాదు కదండీ!

నెల తిరిగేసరికి మొదటి పడవ వెళ్లింది. నాలుగో రోజున తిరిగొచ్చింది. షావుకారు కోసిన కాయల్లో సగం పురుగే. రెండో పడవ కూడా ఇలాగే ఉంటే మా ఊరి సరుకు జన్మలో కొననని కబురు. రేవులో ఊరంతా మూగింది. అందరూ నా వంక చూశారు. నా వేలు నూకాలు వైపు లేచింది.

"ఈవిడే తెచ్చింది!"

"అయితే ఇక మా రేవులో కాలు పెట్టకు," అన్నారు పెద్దలు.

నూకాలు గంప దించింది. "మా ఇంట్లో అయిదు నోళ్లు ఈ కాలవ మీదే తింటన్నాయండి. రుజువు లేకుండా నా కడుపు కొట్టకండి."

రుజువా! ఆ మాట కోసమే నెలరోజులుగా వేచి ఉన్నాను. పెళ్లివారిని విడిదికి తీసుకెళ్లినంత దర్జాగా అందర్నీ పాకకు నడిపించి తలుపు తీశాను.

ముందు 'జుయ్' మని చప్పుడు వచ్చింది. తరవాత ఈగలు వచ్చాయి. మేఘంలా లేచి, నా తలపాగా మీదుగా సాటి రైతుల తోటల్లోకి వెళ్లిపోయాయి. లోపల కాయలన్నీ తొక్కలై పడి ఉన్నాయి. తాటాకులు మాత్రం చెక్కుచెదరలేదు. మావయ్య కర్రతో నేల గీకారు. మట్టిలో గుప్పెళ్లకొద్దీ పురుగు గూళ్లు.

"పద్ధతిగా ఉందన్నావు కదరా?"

"అంటే... వరసగా పెట్టాను, మావయ్యా."

"నిజమేరా. ఒక్కో ఈగకీ ఇంటిపేరు కూడా ఇచ్చావు."

దూలం మీది మూట దించి ముడి విప్పి కోశారు. రెండు కాయలూ వడిలాయి గానీ లోపల శుభ్రంగా ఉన్నాయి. ఒక్క పురుగు లేదు.

"ఊరంతట్లోకీ మంచివి నా కాయలేనండి," అంది నూకాలు, "బాబుగారు వాటినే ఉరి తీశారు."

ఊరు నవ్వింది. నాకు మాత్రం ఆ అయిదు నోళ్లే గుర్తొచ్చాయి. తలపాగా తీసి, "పురుగును పెంచింది నేను. ఆవిడ మీద నింద వేసిందీ నేనే. క్షమించు నూకాలమ్మా," అన్నాను. అంతమందిలో ఆ మాట అనగలిగినందుకు ఇప్పటికీ నా మీద నాకు కాస్త గౌరవం.

పాక తగలబెట్టాను. నేల తవ్వి తిరగేశాను. ఆ ఏడు నా తోట కాయ ఒక్కటి కూడా పడవ ఎక్కించకుండా నా చేత్తోనే సున్నపునీళ్లలో ముంచాను. మిగతా రైతులు పగలనక రాత్రనక తమ తోటల్లో కాయ కాయా చూసి ఏరారు. రెండో పడవ వెళ్లింది. షావుకారు కోసి కోసి, పురుగు దొరక్క, విసిగి, ఓ కాయ తినేశాడట. గంప ఒక్కటి కూడా తిరిగి రాలేదు. మా ఊరంటే అదండీ! 'పట్టుకున్న కాయను పట్టుకున్నచోటే ముంచాలి' అన్న కొత్త కట్టుబాటు కూడా అప్పుడే చేరింది. ఇప్పుడు కాలవ వెంట ఊళ్లన్నీ దాన్ని పాటిస్తున్నాయి. మిగతావన్నీ మావయ్య తెలివితో పుట్టాయి. ఇది ఒక్కటే నా తెలివితక్కువతో పుట్టింది, అయినా అన్నిటికంటే గట్టిది.

మరుసటేడు రేవు కాపలా నూకాలుకు ఇచ్చారు. చేపలమ్ముకుంటూనే గంపలు చూసేది. ఆవిడ మొదట పట్టుకున్నది నన్నే. అత్తవారింటి నుంచి కాయల బుట్టతో దిగాను.

"మా అత్తగారు ఇచ్చినవి, నూకాలమ్మా."

"అత్తగారంటే ఈగకి భయమాండీ? ముంచండి."

అక్కడికక్కడే ముంచాను. నెల తరవాత అత్తగారు వచ్చి, "కాయలెలా ఉన్నాయి, అల్లుడుగారూ?" అని అడిగారు.

"ఆహా! పటికబెల్లమేనండి!"

ఆవిడ నా వంక జాలిగా చూశారు. "అవి ఆవకాయకు పంపిన పుల్లకాయలు, నాయనా."

అందుచేత, గోదారమ్మ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: పట్టుకున్న కాయను ఇంకెన్నడూ దాచను, ముంచిన కాయ రుచి ఇంకెన్నడూ పొగడను.