బూట్లేసుకున్న కల

మచ్చ బొల్లారంల మాది రెండర్రల రేకుల ఇల్లు. నన్ను సాదిన అవ్వ, నేను, ఇద్దరమే. పగటీలి తిన్నంక రేకుల సందుకెళ్లి ఒక ఎండ పోగు దిగి, గచ్చు మీద మెల్లగ పాకుకుంట అవ్వ మంచం కోడు దాక వోతది. దాన్ని చూస్కుంట పండుకుంటే నిద్ర ఎప్పుడు వడతదో ఎరుక గాదు. బడిల గూడ నాకు గిట్లనే నిద్ర వడ్తుండె. అందుకే ఏడో తరగతి దాటలే.

ఆ దినం దూలపల్లిల నేను పనిజేసే లేత్ షాపుల కరెంటు లేకుంటే జల్దీ ఇంటికొచ్చి, మంచానికి గోడకు నడుమ సల్లటి గచ్చు మీద ఒరిగిన. ఎవరో తలుపు కొట్టిన సప్పుడు ఎక్కడో దూరంల ఇనవడ్డది. గ్యాస్ పైపు చూడనీకి వచ్చిన్నని ఒక మొగ గొంతు. పైపు మంచిగనే ఉన్నదని అవ్వ గొంతు. అయితే దూపయితాంది, ఇన్ని నీళ్లియ్యమన్నడు ఆయన. దూప అన్నోళ్లను ఉత్తగ పంపుడు మా అవ్వకు చేతగాదు. తలుపు బార్లా ఇడిశిపెట్టి వంటింట్లకు వోయింది. కడవల చెంబు ముంచిన బుడుంగు సప్పుడు గూడ ఇన్న.

కండ్లు సగం తెరిస్తే, మంచం కిందికెళ్లి రెండు బూట్లు కనవడ్డయి. నల్లవి, మస్తు మెరుస్తున్నయి. ఎండ పోగును తొక్కుకుంట, సప్పుడు లేకుంట అల్మారి దిక్కు వోతున్నయి. మంచి కలనే వడ్డదనుకున్న. కానీ మా అవ్వ ఉన్న ఇంట్ల, కలల గూడ ఎవ్వరు బూట్లతోని కడప దాటరు. గా ఒక్క ముచ్చటకే నిద్ర ఇగిరిపోయింది.

లేచి నిలవడి, "అన్నా, పైపు వంటింట్ల ఉంటది. అల్మారిల చీరలుంటయి" అన్న.

ఆయన ఇల్లు తప్పిన్నని గునుక్కుంట, నీళ్లు గూడ తాగకుంట ఉరికిండు. చీరల కింద అవ్వ బంగారు గుండ్ల దండ ఉన్నది. దండ పోతే పోయె. నేను లేని దినం ఆమె అడ్డం వోయుంటే ఏమయితుండె అని నా రంది. చెంబు వట్టుకోని నిలవడ్డ అవ్వకు మాత్రం వేరే రంది. పాపం, దూపతోనే పాయె అన్నది.

తలుపు తియ్యద్దంటే, నీళ్లెట్ల ఇయ్యాలె అంటది. మూడు దినాలు కొట్లాడినం. ఆఖరికి షామీర్‌పేట రోడ్డు పొంటి అమ్మేటోళ్ల కాడ ఒక మట్టి రంజన్ కుండ కొనుక్కొచ్చి గేటు పక్కన పెట్టిన. నీళ్ల గ్లాసుకు ఒక గొలుసు, తలుపుకు లోపటికెళ్లి ఒక గొలుసు. ఎవరొచ్చినా కిటికిలకెళ్లే మాట్లాడాలన్న. నేను ఫోన్ జేసినంకనే వస్త, ఫోన్ రాకుంటే నేను గూడ బయటోన్నే అన్న. సరే అన్నది గని, నాకు నమ్మకం కుదరలే.

వారం కాంగనే నా ఫోన్ సచ్చిపోయింది. బండి నిలిపి తలుపు కొట్టిన. కిటికి పరద జరంత జరిగింది.

"అవ్వా, నేనే."

"అందరు గట్లనే అంటరు బిడ్డా. రంజన్ల నీళ్లున్నయి, తాగి పో."

నన్ను గుర్తువట్టిందో లేదో ఇప్పటిదాక చెప్పలే. అడిగితే నవ్వుతది. పక్కింటోళ్ల ఫోన్ అడుగుదామనుకున్న గని పోబుద్ధి గాలే. మెట్టు మీద గూసోని రెండు గ్లాసులు తాగిన. లోపట గొలుసు కదలలే. బూట్లిప్పి పక్కకు పెట్టి, గోడకు ఒరిగి, మెల్లగ కండ్లు మూసుకున్న.