మచ్చలు తీసేసిన బురుజు

హిందూపురంలో నాది పెళ్లిళ్ల ఫోటో స్టూడియో. డ్రోన్ కొన్ననాటి నుంచి నా అంత పనిమంతుడు లేడనుకునేవాణ్ణి. తలంబ్రాల వేళ దాన్ని గిరగిరా తిప్పుతుంటే జనం పెళ్లికొడుకును వదిలేసి నావైపు చూసేవాళ్లు. ఆ గర్వంలో ఉండగానే పెనుకొండ పని వచ్చింది.

పాత కట్టడాల మీద పరిశోధన చేసే మేడం ఒకరు, ధర్మవరం ఆమె, కొండ కింద పాడుబడ్డ బురుజుకు ఫోటోలు తీయమన్నారు. వానలు పడేలోగా దానికి మరమ్మతు చేయించాలని ఆమె తాపత్రయం. ఫోటోలు చూస్తేగానీ పురావస్తు ఆఫీసువాళ్లు ఒప్పుకోరట.

"ఏమప్పా, ఒక్క రాయి కూడా తప్పకుండా కనపడల్ల" అన్నారు.

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తీశాను. డ్రోన్ తుమ్మచెట్టులో ఇరుక్కుంటే నేనే ఎక్కి దింపుకున్నాను. ప్యాంటు చిరిగిన సంగతి మేడం నవ్వితేగానీ తెలియలేదు.

ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే నాకు నచ్చలేదు. గోడంతా బీటలు, సందుల్లో పిచ్చిమొక్కలు. ఒకచోట గోడ బానకడుపులా ముందుకొచ్చింది. ఇలాంటివి నేనెన్ని చూడలేదు! పెళ్లికూతురి మొటిమలు మాయం చేసినట్టే పక్కరాళ్ల బొమ్మలు అతికించి బీటలన్నీ పూడ్చాను, మొక్కలు పీకేశాను, కడుపును లోపలికి నొక్కాను. అడగని పనికి ఇంత కష్టపడ్డానే అని నా భుజం నేనే తట్టుకున్నాను. మర్నాడు కొత్తచెరువులో పెళ్లి ఉందని డ్రోన్ మెమరీ కార్డులోని అసలు ఫోటోలు చెరిపేశాను. మేడం ఊళ్లో లేరు. గడువు దగ్గరపడిందని ఆమె నేరుగా ఆఫీసుకే పంపమంటే పంపాను.

పదిరోజులకు మేడం నుంచి ఫోన్ వచ్చింది.

"ఏం చేసినావప్పా? బురుజు గట్టిగానే ఉండాది, మరమ్మతు అక్కర్లేదని రాసినారు. బీటలన్నీ యాడ పోయినాయి?"

మళ్లీ తీస్తానన్నాను. బయల్దేరేలోపే వాన పట్టుకుంది. మూడురోజులు వదల్లేదు. నాలుగోరోజు వెళ్లి చూస్తే బురుజు లేదు, రాళ్ల కుప్ప ఉంది. మేడం తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఏ రాయి ఎక్కడిదో తెలిస్తే మళ్లీ పేర్చొచ్చు, నీ ఫోటోలే ఆధారం అన్నారు. సిగ్గుతో చచ్చిపోతూ ఇచ్చాను.

ఆమె బురదలో దిగి, ఫోటోలో ఒక రాయిని చూసుకుంటూ కుప్పంతా వెతకసాగారు. అది బీట మీద నేను అతికించిన రాయని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.